తిన్నాడా, తినేవాడా: స్పానిష్ భూతకాలాన్ని తెలుగు చెవితో నేర్చుకోవడం ఎలా

ఇంటికొచ్చినవాళ్ళని మనం ‘తిన్నావా?’ అని అడుగుతాం. అదే మాట మెక్సికో నగరంలో ‘యా కొమీస్తె?’ అవుతుంది. మాడ్రిడ్‌లో ‘అస్ కొమీదొ యా?’ అంటారు. రెండూ మంచి స్పానిషే. ఒకే ప్రశ్నకి రెండు క్రియారూపాలు ఎందుకో తెలియక, రెండింటినీ కలిపేసి, చివరికి భూతకాలం వచ్చినప్పుడల్లా తడబడేవాళ్ళని చాలామందిని చూశాను. తప్పు వాళ్ళది కాదు. ఇంగ్లీషు మీదుగా స్పానిష్‌లోకి వెళ్ళడమే చుట్టుదారి. ఇంగ్లీషు గట్టిగా చూపించని ఒక తేడాని తెలుగు ప్రతి వాక్యంలోనూ చూపిస్తుంది, స్పానిష్‌కి కావలసింది సరిగ్గా అదే. అందుకే ఇంగ్లీషుని పక్కన పెట్టి తెలుగు నుంచి నేరుగా వెళ్దాం.

స్పానిష్ మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఒకటి కంటే ఎక్కువ అక్షరాలున్న మాటలో దీర్ఘం ఎక్కడ కనిపిస్తే అక్కడ ఊనిక పెట్టి పలకండి. మన త, ద, ప, క లు స్పానిష్‌కి అతికినట్టు సరిపోతాయి, వాటిని మార్చుకోనక్కర్లేదు.

ముందు ఒక ఊరు ఎంచుకోండి

వ్యాకరణం తెరిచేముందు చేయాల్సిన పని ఇదే. మీరు ఎవరితో మాట్లాడబోతున్నారు? టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉంటే మీ చుట్టూ వినిపించేది ఎక్కువగా మెక్సికో స్పానిష్. బార్సిలోనాకో మాడ్రిడ్‌కో చదువుకి వెళ్తుంటే స్పెయిన్ పద్ధతి కావాలి. క్లయింట్లు బ్వేనొస్ ఐరెస్‌లో ఉంటే అక్కడిది. ఇవేవీ కాకపోతే మెక్సికో పద్ధతి తీసుకోండి. రోజువారీ మాటకి అందులో రూపాల బెడద తక్కువ, అమెరికా ఖండంలో చాలాచోట్ల చెల్లుతుంది కూడా.

ఎంచుకున్నాక కనీసం ఆరు నెలలు దాన్ని వదలకండి. ఇతర ప్రాంతాల వాడుక విని అర్థం చేసుకుంటే చాలు, మీ నోట రానక్కర్లేదు. కోస్తా యాస, తెలంగాణ యాస ఒకే వాక్యంలో కలిపి మాట్లాడేవాళ్ళు మనకెంత వింతగా వినిపిస్తారో, మాడ్రిడ్ రూపాలూ మెక్సికో రూపాలూ కలిపేసే విదేశీయులు వాళ్ళకీ అలాగే వినిపిస్తారు.

దీర్ఘం పోతే కాలం మారిపోతుంది

మొదట నేర్వాల్సింది సాదా భూతకాలం. ‘అబ్లార్’ అంటే మాట్లాడటం. నేను మాట్లాడాను: అబ్లే. నువ్వు: అబ్లాస్తె. అతడు, ఆమె: అబ్లో. మేము: అబ్లామొస్. వాళ్ళు: అబ్లారొన్. ‘కొమేర్’, తినడం, ఇలా నడుస్తుంది: కొమీ, కొమీస్తె, కొమియో, కొమీమొస్, కొమియేరొన్. ‘బిబీర్’, నివసించడం, అచ్చంగా కొమేర్ లాగే.

ఇక్కడ తెలుగు లిపి మనకి చేసే ఉపకారం చూడండి. ‘ఆబ్లొ’ అంటే నేను మాట్లాడతాను. ‘అబ్లో’ అంటే అతడు మాట్లాడాడు. అక్షరాలు అవే, ఊనిక మొదటి నుంచి చివరికి జరిగింది, దాంతో మనిషీ కాలమూ రెండూ మారిపోయాయి. స్పానిష్ రాతలో చివరి అచ్చు మీద చిన్న గీత పెట్టి దీన్ని చూపిస్తారు. ఆ గీతని అలంకారం అనుకుని వదిలేస్తే వాక్యం వేరే అర్థమైపోతుంది. నోటుపుస్తకంలో స్పానిష్ లిపి పక్కనే తెలుగులో కూడా రాసుకోండి. ఊనిక, దీర్ఘం ఒకటే కావు గానీ, కన్ను దీర్ఘాన్ని చూస్తే నోరు దానంతట అదే అక్కడ ఆగుతుంది.

ఇంకో సంగతి: ‘అబ్లామొస్’ అంటే మాట్లాడతాం, మాట్లాడాం కూడా. సందర్భమే చెప్పాలి. ‘అయేర్’, నిన్న, అని చేరిస్తే గొడవ లేదు.

‘తిన్నాడు’ ఒకటి, ‘తినేవాడు’ ఇంకొకటి

స్పానిష్‌లో రెండో భూతకాలం ఉంది. అబ్లాబ, అబ్లాబస్, అబ్లాబ, అబ్లాబమొస్, అబ్లాబన్. కొమేర్‌కి అయితే కొమీయ, కొమీయస్, కొమీయ, కొమీయమొస్, కొమీయన్. నేర్చుకునేవాళ్ళని అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఇదే అంటారు. తెలుగువాళ్ళని ఏడిపించకూడదు.

‘తాతయ్య పొద్దున్నే జొన్నరొట్టె తినేవాడు’ అంటాం. ‘నిన్న జొన్నరొట్టె తిన్నాడు’ అంటాం. ఈ రెండింటినీ తెలుగు పుట్టుకతో వచ్చినవాళ్ళు ఎప్పుడూ కలపరు. ‘తిన్నాడు’ కొమియో. ‘తినేవాడు’ కొమీయ. ‘ఉండేది’, ‘వచ్చేవాళ్ళు’, ‘చెప్పేది’, ‘వెళ్ళేవాళ్ళం’ లాంటి రూపం నోటికి వస్తోందంటే ఇక ఆలోచించకుండా రెండో భూతకాలం వాడేయండి.

ఒక చిన్న కథ తీసుకుందాం. చిన్నప్పుడు మేం ఊళ్ళో ఉండేవాళ్ళం. ఇంటి ముందు బావి ఉండేది. తాతయ్య రోజూ నీళ్ళు తోడేవాడు. ఒకరోజు తాడు తెగింది.

స్పానిష్‌లో: క్వాందొ ఏర నీన్యొ, బిబీయమొస్ ఎన్ ఎల్ ప్వేబ్లొ. దెలాంతె దె ల కాస అబీయ ఉన్ పోసొ. మి అబ్వేలొ సకాబ ఆగ్వ తోదొస్ లొస్ దీయస్. ఉన్ దీయ సె రొంపియో ల క్వేర్ద.

బిబీయమొస్, అబీయ, సకాబ: ఉండేవాళ్ళం, ఉండేది, తోడేవాడు. తాడు తెగిన దగ్గరికి వచ్చేసరికి ‘రొంపియో’. తెలుగు ఎక్కడ మారిందో స్పానిష్ అక్కడే మారింది. ‘ఉండేది’ వాక్యాలు రంగస్థలం మీద తెర లాంటివి, ‘తెగింది’ దగ్గర పాత్రధారి లోపలికి వస్తాడు.

ఏదో జరుగుతూ ఉండగా ఇంకేదో జరిగిందని చెప్పేటప్పుడూ ఇదే పద్ధతి. ‘నేను తింటుండగా ఫోన్ మోగింది’ అంటే ‘క్వాందొ కొమీయ, సొనో ఎల్ తెలేఫొనొ’. ‘-తుండగా’ వచ్చినచోట కొమీయ, ‘మోగింది’ దగ్గర సొనో. ‘ఎస్తాబ కొమియేందొ’ అని కూడా అనొచ్చు. అప్పటికప్పుడు సాగుతున్న పని అని అది ఇంకా గట్టిగా చెబుతుంది.

ఈ రెండో రూపానికి స్పెయిన్ వ్యాకరణాలు ‘ప్రెతేరితొ ఇంపెర్ఫేక్తొ’ అని పేరు పెట్టాయి. మెక్సికో బడుల్లో మాత్రం ‘కొప్రెతేరితొ’ అని చెబుతారు. ఆ పేరు పెట్టినవాడు ఆంద్రేస్ బేయొ. కారకాస్‌లో పుట్టి, చిలీలో స్థిరపడి, 1847లో అమెరికా ఖండపు ప్రజల వాడుక కోసమే స్పానిష్ వ్యాకరణం రాసినవాడు. జరిగిపోయిన మరొకదానికి తోడుగా సాగుతున్నది అని ఆ మాటకి అర్థం. నాకు బేయొ పెట్టిన పేరే బాగా నచ్చుతుంది, వింటేనే పని తెలిసిపోతుంది. రెండు పుస్తకాల్లో రెండు పేర్లు కనిపిస్తే అవి రెండు వేర్వేరు కాలాలని కంగారుపడకండి.

ఈ రూపంలో ఇంకో ఊరట: నియమం తప్పేవి మొత్తం భాషలో మూడే క్రియలు. ‘సేర్’ (అవడం)కి ఏర, ‘ఈర్’ (వెళ్ళడం)కి ఈబ, ‘బేర్’ (చూడటం)కి బెఈయ. అంతే. కాకపోతే ‘కొమీయ’ అంటే నేను తినేవాణ్ణి, తినేదాన్ని, అతడు తినేవాడు, ఆమె తినేది, మీరు తినేవారు. అన్నీ అదే. అందుకని అవసరమైనచోట ‘యో’ (నేను), ‘ఎల్’ (అతడు), ‘ఏయ్య’ (ఆమె) అని కర్తని చెప్పండి. క్యూబా, ప్యూర్టొ రీకొ, డొమినికన్ రిపబ్లిక్ వాళ్ళు మాట చివర ‘స్’ని చాలాసార్లు మింగేస్తారు. కొమీయస్ కూడా కొమీయ లాగే వినిపిస్తుంది. వాళ్ళ మాటల్లో కర్త పేరు మిగతావాళ్ళ కంటే ఎక్కువగా వినిపిస్తుంది కూడా.

తెలుగు మనల్ని దారి తప్పించే చోట్లు

అన్నిచోట్లా తెలుగు పట్టుకుని వెళ్తే బోర్లాపడే సందర్భాలు కొన్ని ఉన్నాయి.

‘ఆకలేసింది, తిన్నాను’. తెలుగులో రెండూ ఒకే భూతకాలం. స్పానిష్‌లో ‘తెనీయ ఆంబ్రె, అసీ కె కొమీ’. ఆకలి అప్పటికి ఉన్న పరిస్థితి, తినడం జరిగిన పని. దాహం, చలి, నిద్ర, భయం అన్నీ ఇంతే. ఉన్నట్టుండి భయం పుట్టిందని చెప్పాలంటే మాత్రం ‘మె దియో మియేదొ’ అని వేరే మాట ఉంది. మన ‘భయమేసింది’ ఈ రెండింటినీ మోస్తుంది. కాబట్టి ప్రతిసారీ అడగండి: అప్పటికే ఉందా, అప్పుడే పుట్టిందా?

‘అయిదయింది’ అన్నదాంట్లో ‘అయింది’ ఉంది కదా అని సాదా భూతకాలం వాడకండి. గడియారం చెప్పేటప్పుడు ‘ఏరన్ లస్ సీంకొ’. వయసు కూడా అంతే. ‘అప్పుడు నాకు పదేళ్ళు’ అన్నప్పుడు తెలుగులో క్రియే లేదు. స్పానిష్‌లో ‘తెనీయ దియేస్ ఆన్యొస్’.

లెక్క చెప్పినచోట ఇంకో వల ఉంది. ‘పదేళ్ళు హైదరాబాదులో ఉండేవాళ్ళం’ అని మనం అనేస్తాం. పదేళ్ళు అని గిరి గీసేశారు కాబట్టి స్పానిష్ దాన్ని ముగిసిన ముక్కగా చూస్తుంది: ‘బిబీమొస్ దియేస్ ఆన్యొస్’. ఎన్నేళ్ళు సాగింది, మొత్తం ఎన్నిసార్లు జరిగింది అని అంకెతో ముగించేశారంటే సాధారణంగా సాదా భూతకాలమే.

ఇక తెలుగు మళ్ళీ చేయందించే చోటు. ‘సబేర్’, తెలియడం. ‘సబీయ’ అంటే నాకు తెలుసు, అప్పటికే తెలుసు. ‘సూపె’ అంటే తెలిసింది, అప్పుడే తెలిసింది. స్పానిష్‌లో సాదా భూతకాలం పెట్టగానే ఈ క్రియ అర్థమే మారిపోతుందని వేరే భాషల వాళ్ళు బట్టీ పడతారు. మనకి తెలుసు, తెలిసింది అని రెండు మాటలు ముందే ఉన్నాయి. అలాగే ‘కొనొసీయ’ నాకు పరిచయమే, ‘కొనొసీ’ పరిచయమైంది. ‘పూదె’ చేయగలిగాను. ‘నో కీసె’ అంటే ఇష్టం లేదని మాత్రమే కాదు, చేయడానికి ఒప్పుకోలేదు అని.

మొండి క్రియలు

ఎక్కువగా వాడే క్రియలే సాదా భూతకాలంలో రూపం మార్చుకుంటాయి. వీటిని ధ్వని చూసి గుంపులుగా పట్టుకోండి. ‘ఊ’ గుంపు: తూబె (నాకు ఉండింది), ఎస్తూబె (ఉన్నాను), పూదె, పూసె (పెట్టాను), సూపె, అందూబె (నడిచాను). ‘ఈ’ గుంపు: ఈసె (చేశాను), కీసె, బీనె (వచ్చాను), దీహె (చెప్పాను). ఒంటరిగా త్రాహె (తెచ్చాను).

వీటిలో ఊనిక చివర ఉండదు. ‘తుబే’ కాదు, ‘తూబె’. అందుకే రాతలోనూ గీత ఉండదు. ‘దిహేరొన్’, వాళ్ళు చెప్పారు, అన్నచోట ‘దిహియేరొన్’ అనకండి. మెక్సికో పల్లెల్లో పెద్దవాళ్ళు త్రాహెకి బదులు ‘త్రూహె’ అంటే అది పాత రూపం, గౌరవంగా విని ఊరుకోండి. ‘అందూబె’ బదులు ‘అందే’ కూడా చెవిన పడుతుంది. పరీక్షలో రాస్తే మార్కు పోతుంది.

‘ఫ్వీ’ అంటే వెళ్ళాను, అయ్యాను. రెండు క్రియలకీ ఒకే రూపం. 1959కి ముందు అచ్చయిన పుస్తకాల్లో దీని మీద గీత కనిపిస్తుంది. ఆ ఏడు తప్పనిసరైన వర్ణక్రమ నియమాలు దాన్ని తీసేశాయి.

‘ఇంకా రాలేదు’ మూడు ఊళ్ళలో

ప్రాంతాల అసలు తేడా కనిపించేది ఇక్కడ. ‘అబేర్’ అనే సహాయక క్రియతో స్పానిష్ మరో రూపం కడుతుంది: ఎ కొమీదొ, అస్ కొమీదొ, అ కొమీదొ, ఏమొస్ కొమీదొ, అన్ కొమీదొ. ‘కొమీదొ’ ఎప్పుడూ మారదు, ఆడా మగా లేదు. మొండివి కొన్ని: ఏచొ (చేసి), దీచొ (చెప్పి), బీస్తొ (చూసి), ప్వేస్తొ (పెట్టి), ఎస్క్రీతొ (రాసి), బ్వేల్తొ (తిరిగొచ్చి).

తెలుగులో కొమీ అన్నా, ఎ కొమీదొ అన్నా ‘తిన్నాను’ ఒక్కటే. అందుకని ఇక్కడ మన చెవి సాయం చేయదు, ఊరి వాడుకే గుర్తుంచుకోవాలి.

స్పెయిన్ మధ్యభాగానికి నేను చెప్పే కిటుకు ‘ఈ’ అనే అక్షరం. ఈ పొద్దున, ఈ వారం, ఈ నెల, ఈ ఏడాది, ఈ రోజు అన్నారంటే ‘ఎ కొమీదొ’. నిన్న, పోయిన వారం, ఆ ఏడాది, 2010లో అన్నారంటే ‘కొమీ’. మాటలాడేవాడు ఇంకా ఆ కాలం లోపలే ఉన్నాడా, బయటికి వచ్చేశాడా అన్నదే లెక్క. ఓయ్ ఎ కొమీదొ పెస్కాదొ, ఈ రోజు చేప తిన్నాను. అయేర్ కొమీ పెస్కాదొ, నిన్న తిన్నాను.

మెక్సికోలో ఈ రోజు తిన్నా ‘ఓయ్ కొమీ’. అయిపోయింది కదా, ఇక అయిపోయినట్టే. మరి ‘ఎ’ రూపం ఎప్పుడు? పని ఇప్పటికీ సాగుతుంటేనో, మళ్ళీ మళ్ళీ జరుగుతుంటేనో. ‘ఎ బిబీదొ అకీ దియేస్ ఆన్యొస్’ అంటే పదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ‘బిబీ అకీ దియేస్ ఆన్యొస్’ అంటే పదేళ్ళు ఇక్కడ ఉన్నాను, ఇప్పుడు లేను. మన ‘పదేళ్ళుగా’లో ఉన్న ‘గా’ని పట్టుకుంటే మెక్సికో ‘ఎ’ దొరికినట్టే.

ఇప్పుడు ‘ఇంకా రాలేదు’. మాడ్రిడ్‌లో ‘తొదబీయ నో అ యెగాదొ’. బ్వేనొస్ ఐరెస్‌లో ‘తొదబీయ నో షెగో’, అక్కడ ‘య’ని ‘ష’ అంటారు. మెక్సికోలో తరచుగా ‘తొదబీయ నో యేగ’ అంటారు, అది వర్తమాన రూపం! ‘నో అ యెగాదొ’ కూడా అక్కడ వినిపిస్తుంది. ‘నిన్న రాలేదు’ అన్నప్పుడు మాత్రం ముగ్గురూ ‘అయేర్ నో యెగో’ అనే అంటారు. మన ‘రాలేదు’ ఇన్నింటికీ సరిపోతుంది కాబట్టి, పక్కన ‘ఇంకా’ ఉందా లేదా అని చూసుకోవడం అలవాటు చేసుకోండి.

స్పెయిన్ అంతా ఒకటే అనుకోకండి. గలీసియా, అస్తూరియాస్, కనారీ దీవుల్లో ఈ రోజు సంగతికి కూడా ‘కొమీ’ అంటారు. గలీసియా వాళ్ళ సొంత భాషలో అబేర్‌తో కట్టే రూపమే లేదు, ఆ అలవాటే వాళ్ళ స్పానిష్‌లోకీ వచ్చింది. దీనికి ఎదురుగా బొలీవియాలో, పెరూ కొండ ప్రాంతాల్లో, అర్జెంటీనా వాయవ్య మూలన ‘ఎ’ రూపం నిన్నటికీ వచ్చేస్తుంది: ‘అయేర్ ఎ ఈదొ’, నిన్న వెళ్ళాను. మాడ్రిడ్ పాఠంలో ఇది తప్పు, ఈ ప్రాంతాల్లో రోజువారీ మాట.

అండీస్ కొండల్లో మన ‘అట’

‘నేను వచ్చేసరికి రైలు వెళ్ళిపోయింది’ అనడానికి ‘క్వాందొ యెగే, ఎల్ త్రెన్ యా అబీయ సలీదొ’. ‘అప్పటికే’ అని చెప్పే ఈ రూపం అన్ని ప్రాంతాల్లోనూ ఒకటే, కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పను. కానీ బొలీవియాలోని లా పాస్‌లోనో పెరూలోని కుస్కొలోనో ఇదే ‘అబీయ’కి రెండో పని ఉంది. అది చూసినప్పుడు నాకు సొంతూరి మాట విన్నట్టే అనిపించింది.

‘అబీయ యెగాదొ’ అని అక్కడివాళ్ళు అంటే ‘వచ్చాడట’ అని కావొచ్చు. తాను చూడలేదు, ఎవరో చెప్పారు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి ‘అబీయస్ సీదొ ఆల్తొ!’ అంటే ‘ఇంత పొడుగా నువ్వు, నాకు తెలియదే!’ అని ఆశ్చర్యం. ఈక్వడార్ కొండ ప్రాంతాల్లో ఇదే ఆశ్చర్యాన్ని ‘అ సీదొ’ అంటూ చెబుతారు. దీని వెనక ఆ కొండల్లోని స్థానిక భాషలు కెచువా, ఐమారా ఉన్నాయి. కళ్ళారా చూసిన భూతకాలానికి, చూడని భూతకాలానికి ఆ భాషల్లో వేర్వేరు ప్రత్యయాలు. కుస్కొ కెచువాలో చూడనిదానికి ‘స్క’ చేరుతుంది. శతాబ్దాలుగా రెండు భాషలూ మాట్లాడినవాళ్ళు తమ తేడాని స్పానిష్‌లోనూ నిలుపుకున్నారు. ‘వచ్చాడు’, ‘వచ్చాడట’ ఒకటి కావని తెలిసిన మనం దాన్ని తప్పు స్పానిష్ అని తీసిపారేయకూడదు. విని పట్టుకోండి. మీరు రాసే పరీక్షలో మాత్రం వాడకండి.

మీరు, నువ్వు సంగతి

స్పెయిన్‌లో స్నేహితుల గుంపుని ‘బొసోత్రొస్ కొమీస్తెయిస్’ అంటారు. అమెరికా ఖండంలోనూ కనారీ దీవుల్లోనూ స్నేహితులైనా పెద్దలైనా ‘ఉస్తేదెస్ కొమియేరొన్’. మెక్సికో పద్ధతి ఎంచుకున్నవాళ్ళు బొసోత్రొస్ వరసని చదివి వదిలేయొచ్చు. అర్జెంటీనాలో నువ్వు అనడానికి ‘బోస్’ అంటారు, వర్తమానంలో దాని క్రియ వేరుగా ఉంటుంది, భూతకాలంలో మాత్రం మామూలు ‘కొమీస్తె’నే. కొత్తగా ఏమీ నేర్వక్కర్లేదు.

‘కొమీస్తెస్’ అని చివర ‘స్’ పెట్టేవాళ్ళు స్పెయిన్‌లోనూ అమెరికాలోనూ కనిపిస్తారు. ‘నువ్వు’కి మిగతా కాలాలన్నింటిలో ‘స్’ ఉంటుంది, ఇక్కడొక్కచోటే లేదు, అందుకే నాలుక దాన్ని చేర్చేస్తుంది. వినండి, రాయకండి.

రోజూ పావుగంట

రాత్రి పడుకునేముందు ఆ రోజు చేసిన అయిదు పనులు రాయండి: ఈసె, ఫ్వీ, కొమీ, అబ్లే... స్పెయిన్ ఎంచుకున్నవాళ్ళయితే అన్నీ ‘ఎ’తో. మర్నాడు పొద్దున అదే కాగితం తీసి ‘అయేర్’ చేర్చి మళ్ళీ చదవండి. మెక్సికో పద్ధతివాళ్ళకి ఒక్క క్రియా మారదు, మాడ్రిడ్ పద్ధతివాళ్ళకి అయిదూ మారతాయి. వారం రోజుల్లో ఆ తేడా వేళ్ళకి పట్టేస్తుంది.

ఆదివారం మాత్రం చిన్ననాటి సంగతి ఒకటి ముందు తెలుగులో రాయండి, అమ్మమ్మకి చెప్పినట్టు. ‘-ఏవాడు’, ‘-ఏది’, ‘-ఏవాళ్ళం’ అన్నవాటి కింద ఒక రంగు గీత, ‘-ఆడు’, ‘-ఇంది’, ‘-ఆం’ కింద ఇంకో రంగు. ఆకలి, గడియారం, వయసు, అంకెలు వచ్చినచోట చుక్క పెట్టుకుని ఆగి ఆలోచించండి. తర్వాతే స్పానిష్‌లోకి మార్చండి. రూపం మీద అనుమానం వస్తే రెయాల్ అకదేమియ ఎస్పన్యోల (స్పానిష్ భాషా అకాడమీ) వారి నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. క్రియ దగ్గర పూర్తి పట్టిక ఉంటుంది, స్పెయిన్ పేరూ బేయొ పెట్టిన పేరూ పక్కపక్కనే కనిపిస్తాయి.

రాసింది మీరు ఎంచుకున్న ప్రాంతం మనిషి ఒకరికి చదివి వినిపించండి. ‘తప్పులున్నాయా?’ అని అడిగితే మర్యాదకి లేవంటారు. ‘మీ ఇంట్లో ఇలా అంటారా?’ అని అడగండి.